తిరుపతిలో దేశవాళీ జాతి కుక్కల ప్రేమికులను ఒకచోట చేర్చడం ఎలా?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల దేశవాళీ జాతి కుక్కలను పెంచేవారితో ఒక బృందం ఏర్పాటు చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు ఒక్క జాతికే పరిమితం కండి. అన్ని జాతులూ అంటే చివరికి మిగిలేది కుక్కపిల్లల బేరాలే. రాజపాళయం మంచి ఎంపిక. పుట్టినచోటు తమిళనాడులోని విరుదునగర్ జిల్లా, పొట్టి బొచ్చు కాబట్టి మన ఎండకు తట్టుకుంటుంది, 2005లో తపాలా బిళ్ల మీదికీ ఎక్కింది. అయితే ఈ జాతిలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. అందుకే ప్రతి పిల్లకూ వినికిడి పరీక్ష చేయించడం, చెవుడు ఉన్నవాటిని జత కట్టించకపోవడం బృందం కట్టుబాటు కావాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

అమ్మకాలకు 2017 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. 8 వారాలు నిండని పిల్లలను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. చేరేవారికి ఇవి మొదటిరోజే చెప్పండి.

తిరుపతిలోనే పశువైద్య కళాశాల ఉండటం నిజంగా అదృష్టం. అక్కడి వైద్యులను పిలిచి పార్వో (కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వైరస్ జబ్బు), రేబిస్ టీకాల గురించి మాట్లాడించండి. వేసవిలో కుక్కలతో కలుసుకోవాలంటే తెల్లవారుజామునే మేలు. ఎండెక్కితే తారురోడ్డు వాటి పాదాలను కాల్చేస్తుంది.