ఉగాదికి మిద్దె తోట, మూడేళ్లు ఈఎంఐ

ప్రశ్న: మాది హనుమకొండలో 150 గజాల సొంతిల్లు. మావారి వయసు 41. ప్రైవేటు కంపెనీలో జీతం చేతికి 58,000 వస్తుంది, దసరాకి 30,000 బోనసు ఇస్తారు. నేను ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను, సగటున నెలకు 7,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు. అత్తయ్య, 71 ఏళ్ల మామయ్య మాతోనే ఉంటారు. నెలనెలా ఇంటి లోను ఈఎంఐ 17,500, పిల్లల చదువు 9,000, ఇంటి ఖర్చు 18,000, పెట్రోలు, ఫోన్లు 5,500, పెద్దవాళ్ల మందులు 3,000, ఎల్‌ఐసీ 2,500, చీటీ 5,000. లక్ష రూపాయల చీటీ అది, 20 నెలల్లో 8 కట్టాం. బ్యాంకులో 38,000 ఉంది, జూన్‌లో స్కూలు ఫీజు కోసం అట్టిపెట్టాం. ఉగాదికల్లా మిద్దె మీద తోట పెట్టాలని నా కోరిక. 60 గ్రో బ్యాగులు, ఇనుప స్టాండ్లు, పందిరి, షేడ్ నెట్, డ్రిప్ అన్నీ బిగించి ఇవ్వడానికి ఒకరు 1,98,000 చెప్పారు. బ్లౌజుల డబ్బులోంచి 5,000 అడ్వాన్సు ఇచ్చాను. ఒక యాప్‌లో 2 లక్షల లోను రెడీగా ఉంది: 14 శాతం వడ్డీ, మూడేళ్లు, ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం. ఆఫర్ ఈ నెలాఖరు వరకే. పుస్తకాల షెల్ఫుకి, క్రోషా సామానుకి ఇంకో 34,000 కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెడదామనుకుంటున్నాను. నెలకు 4,000 కూరగాయల ఖర్చు మిగులుతుంది కాబట్టి ఈఎంఐకి సర్దుకుంటుంది కదా? చాలకపోతే మూడు తులాల గొలుసు ఉంది. పర్సనల్ లోను మంచిదా, గోల్డ్ లోను మంచిదా?

జవాబు: రెండూ వద్దమ్మా. ఏ లోను మంచిదన్నది మీ ఇంటికి ఇప్పుడు సంబంధించిన ప్రశ్నే కాదు. మీ ఉత్తరంలో అన్ని లెక్కలూ ఉన్నాయి, ఆపదకు దాచిన డబ్బు లెక్క మాత్రం లేదు. 38,000 ఉందన్నారు, అది స్కూలు వాళ్లది. జూన్ వస్తుందని, ఫీజు కట్టాలని మీకు ముందే తెలుసు. తెలిసిన ఖర్చుకి పక్కన పెట్టిన డబ్బు అత్యవసర నిధి కాదు. కాబట్టి ఈ రోజుకి మీ అత్యవసర నిధి సున్నా. ఆరుగురున్న ఇల్లు ఒక్క జీతం మీద నడుస్తోంది. రేపు ఆ జీతం ఆగితే వచ్చే నెల ఇంటి ఈఎంఐ ఎక్కడినుంచి కడతారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మాఘ, ఫాల్గుణాలు వచ్చేసరికి ఇలాంటి ప్రశ్నలు చాలామంది పంపుతారు. కొందరికి తోట, కొందరికి కుట్టు మిషను, కెమెరా, వీణ. కోరికలో తప్పేమీ లేదు. చేతిలో ఒక్క నెల ఖర్చు కూడా లేకుండా మూడేళ్ల అప్పుతో దాన్ని తీర్చుకోవడమే తప్పు.

మీ అంకెలే చూడండి. ఆదాయం 65,000, ఖర్చు 60,500, మిగులు 4,500. రెండు లక్షలకు 14 శాతం మీద 36 నెలలకు ఈఎంఐ సుమారు 6,835 పడుతుంది. కార్డు వాయిదా మరో 2,833. రెండూ కడితే నెలకు 5,168 లోటు. తోట మొదటి రోజు నుంచే మీ కూరగాయల ఖర్చు మొత్తం మిగిల్చిందనుకున్నా, ఇంకా 1,168 తక్కువే. ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 4,720 ముందే పట్టుకుని మీ ఖాతాలో వేసేది 1,95,280. ఇచ్చిన అడ్వాన్సు కలపకపోతే కొటేషన్ మొత్తానికి కూడా అది చాలదు. మూడేళ్లలో వడ్డీ 46,000 దాకా అవుతుంది. నో కాస్ట్ అన్న మాటనీ నమ్మకండి. వడ్డీ మేరకు ధరలో తగ్గించినట్టు చూపిస్తారు గానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోకే వస్తాయి. ఒక నెల డబ్బు సరిపోక బిల్లు పూర్తిగా కట్టలేదా, మిగిలిన బాకీ మీద చాలా కార్డులు నెలకు 3 నుంచి 3.75 శాతం వేస్తాయి. నెలకు 5,168 లోటున్న ఇంట్లో ఆ పరిస్థితి రావడానికి ఎన్నాళ్లో పట్టదు.

ఆఫర్ నెలాఖరు వరకే అని తొందర పెట్టడం అమ్మేవాడి పని, దానికి మీరు తొందర పడనక్కర్లేదు. ఇది చదివేలోపే ఓకే నొక్కేసి ఉంటే, లోను కాగితాల్లో కూలింగ్ ఆఫ్ గడువు (లోను వద్దని వెనక్కి ఇచ్చేసే వీలున్న గడువు) ఎన్ని రోజులో వెంటనే చూడండి. డిజిటల్ అప్పులకు కనీసం ఒక్క రోజైనా ఆ గడువు ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆలోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే ముందస్తు చెల్లింపు జరిమానా ఉండదు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం తిరిగి రాకపోవచ్చు. అదెంతో ముందే ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ కాగితంలో ఉంటుంది.

ఇక గొలుసు. అత్యవసర నిధి లేని ఇంట్లో బంగారమే ఆఖరి ఆసరా. అర్ధరాత్రి మామయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే మర్నాడు పొద్దున మీరు వెళ్లేది ఆ గొలుసు పట్టుకునే. దాన్ని గ్రో బ్యాగుల కోసం ఇప్పుడే తాకట్టు పెడితే ఆ రోజున చేతిలో ఏముంటుంది? అది బీరువాలోనే ఉండనివ్వండి.

కూరగాయల ఖర్చు మిగులుతుందన్న ఆశ గురించి కాస్త వివరంగా చెప్పాలి, మీ లెక్క మొత్తం దాని మీదే నిలబడింది కాబట్టి. ఉగాదికి విత్తనం వేస్తే తోటకూర 25 – 30 రోజుల్లో కోతకి వస్తుంది. బెండ తొలి కాపుకి 45 – 50 రోజులు. టమాటా పూత ఎండ 35 డిగ్రీలు దాటితే నిలవదు, రాలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లు ఎండ సంగతి మీకు ఒకరు చెప్పాలా? 60 సంచులకు ఆ ఎండల్లో ఒక్కోదానికి రోజుకు నాలుగు లీటర్లు వేసుకున్నా 240 లీటర్లు కావాలి. బోరు తగ్గితే ట్యాంకరు పిలవాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో లేదు.

లేనిది ఇంకొకటి స్లాబు. 24 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 12 అంగుళాల లోతున్న సంచిలో నాలుగు ఘనపుటడుగుల మిశ్రమం పడుతుంది. ఎర్రమట్టి ఎక్కువైతే తడిశాక ఘనపుటడుగు 45 కిలోల దాకా తూగుతుంది, అంటే ఒక్క సంచి 180 కిలోలు. జనం తిరిగే మిద్దెకి డిజైనులో లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. ఆ సంచి ఆక్రమించేది చదరపు మీటరులో మూడో వంతుకి కాస్త ఎక్కువ, ఆ లెక్కన అంత చోటుకి 56 కిలోలే. బరువు దూలాల మీదికి, గోడల వెంట సర్దకుండా మధ్యలో వరసలు పేరిస్తే స్లాబు పగుళ్లిచ్చి కారుతుంది. దాని రిపేరుకి అప్పు మీద అప్పు. ఏ తోటకైనా ముందు నీళ్లు పోయే గొట్టాలు మూసి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టి, కింద పైకప్పు మీద చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యం మీ సమయం. పెళ్లిళ్ల ముహూర్తాలున్న వేసవిలోనే కదా మగ్గం బ్లౌజులకు గిరాకీ. 60 సంచులకు పాదులు గుల్ల చేయడం, పురుగు చూడడం, కోయడం కలిపి రోజుకు గంటన్నర తక్కువ కాదు, డ్రిప్ ఉన్నా సరే. సంపాదించే కాలంలో ఆ గంటన్నర అప్పు తోటకి పోస్తే నష్టం రెండు వైపులా.

ఇప్పుడు చేయాల్సింది. చీటీ తీసేస్తే మీకు నెలకు కచ్చితంగా కావలసింది 55,500. ఆరు నెలలకు 3,33,000. ఆ అంకె చూసి బెదరకండి. ఈ నెల నుంచే 4,500, జీతం పడిన మర్నాడే, జీతం పడని ఇంకో బ్యాంకు ఖాతాకి ఆటోమేటిగ్గా వెళ్లేట్టు పెట్టండి. ఆ ఖాతాకి యూపీఐ కలపొద్దు, డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోవద్దు. 50,000 దాటాక కొంత స్వీప్ డిపాజిట్‌లో (ఖాతాకే కలిసి ఉండే ఎఫ్‌డీ), కొంత లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచుకోవచ్చు. ఇంతకు మించి రాబడి కోసం వెతకొద్దు, ఇది రాబడి కోసం పెట్టే డబ్బు కాదు. బ్లౌజుల మీద 7,000కి మించి వచ్చిన ప్రతి రూపాయీ ముహూర్తాల నెలల్లో ఇందులోకే రావాలి. చీటీ పాట పాడి ముందే ఎత్తొద్దు, చివరిదాకా ఆగండి. కమీషన్ పోగా 95,000 వస్తుందనుకుందాం. ఏడాది తిరిగేసరికి నిధి 1,49,000 అవుతుంది. ఆ తర్వాత చీటీ వాయిదా కూడా కలిసి నెలకు 9,500 వేయగలరు. ఇంకో 20 నెలల్లో, అంటే మొత్తం రెండేళ్ల ఎనిమిది నెలల్లో ఆరు నెలల ఖర్చు నిండుతుంది. యాప్ లోను తీసుకుంటే ఆ కాలమంతా ఈఎంఐ కడుతూనే ఉండేవారు. ఈ నిధిని ముట్టుకోవడానికి మూడే కారణాలు: ఉద్యోగం పోవడం, ఆసుపత్రి, ఇల్లు నిలబెట్టే రిపేరు. పిల్లల ఫీజు, పండగ, పెళ్లి కానుక ఇందులోకి రావు. తీసినంత తిరిగి నింపేదాకా చీరలు, ఫోన్లు ఆగాలి.

మీవారి ఆఫీసు హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా, ఉద్యోగంతోనే పోతుంది. దసరా బోనసు మీ నలుగురికీ సొంత ఫ్యామిలీ పాలసీకి వాడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని మీద జీఎస్టీ లేదు. బీపీ, షుగర్ లాంటివి ఉంటే దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ మూడేళ్లకు మించదు, కానీ దాచితే క్లెయిము పోతుంది. మామయ్యకి 70 దాటాయి కాబట్టి ఆధార్‌తో ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. ఆదాయంతో పనిలేదు, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చుకి పనికొస్తుంది. మీవారికి ఇంటి లోను బాకీని మించిన టర్మ్ పాలసీ (ప్రాణానికి ఏమైనా అయితేనే డబ్బిచ్చే బీమా) కావాలి, ఎల్‌ఐసీలో ఉన్న మొత్తం ఎంతో ఒకసారి బాండు తీసి చూడండి. ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేయడం) సంగతి నిధి సగం నిండాక.

షెల్ఫు ఈ ఏడాది వద్దు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మీరు కడుతూనే ఉన్నారు. జిల్లా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని పుస్తకాలు ఇంటికి తెచ్చుకోండి. క్రోషాకి ఒక సూది, నాలుగు ఉండలు చాలు. అవి అయ్యాకే ఇంకో నాలుగు.

తోట మాత్రం పెట్టండి, పది సంచులతో. 15 అంగుళాలవి ఆరు, ఆకుకూరలకు 18 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల లోతువి నాలుగు. అన్నిటికీ కలిపి సుమారు 350 లీటర్ల మిశ్రమం కావాలి. సిమెంటు బస్తాతో నాలుగు బస్తాల ఎర్రమట్టి, అయిదు కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మలు రెండు, వర్మీ కంపోస్టు 60 కిలోలు, వేపపిండి కిలో. దిమ్మని నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ కడగండి. చవక దిమ్మల్లో ఉప్పు మిగిలి ఆకుల అంచులు మాడిపోతాయి. సంచుల కింద పాత ఇటుకలు పెడితే నీళ్లు జారి స్లాబు ఆరుతుంది. విత్తనాలు, వేపనూనె, చిన్న 50 శాతం షేడ్ నెట్‌తో కలిపినా 4,000 దాటదు. వేప, కానుగ ఆకు రాల్చే కాలం ఇదే. ఊడ్చి తగలబెట్టే ఆ ఆకుల్ని గోనె సంచుల్లో నింపి పెట్టుకుంటే కొన్ని సంచులు రేపటి ఎరువుకి, ఒకటి ఇప్పుడే మొక్కల మొదళ్లలో పరచడానికి పనికొస్తాయి. మూడంగుళాల ఆకు పరిస్తే నీళ్లు పోసే పని బాగా తగ్గుతుంది.

బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి ఇప్పుడు వేసుకోవచ్చు. బెండ గింజ రాత్రంతా నానేసి అంగుళం లోతులో వేయండి, సంచికి రెండు మొక్కలు చాలు. ఆకుల ఈనెలు పసుపెక్కితే ఆ మొక్కని పీకేయండి, తెల్లదోమ మిగతా వాటికీ అంటిస్తుంది. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీరు కలిపి సాయంత్రం కొట్టండి. మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. టమాటా, వంగ నారు మృగశిర కార్తె వానలు పడ్డాక.

ఇచ్చిన 5,000 అడ్వాన్సు తిరిగి అడగండి. బిగింపు పని మొదలవలేదు కాబట్టి మొత్తం ఇవ్వమని రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా అడగండి, రసీదు ఫొటో జత చేయండి. ఇవ్వనంటే ఆ విలువకి పైన చెప్పిన సంచులు, కోకోపీట్, కంపోస్టు, నెట్ వాళ్ల దగ్గరే తీసుకోండి. కంపోస్టు బస్తా విప్పి చూడండి: నల్లగా, పొడిపొడిగా, వానకు తడిసిన నేల వాసన రావాలి. పేడ వాసన వస్తే ఇంకా మాగలేదు, వేరేది అడగండి.