చలి రక్తపు జీవికీ జ్వరమే!

ప్రశ్న: చేపలు, తొండలు శీతల రక్త జంతువులు కదా, వాటి ఒంటి వేడి పరిసరాలను బట్టే ఉంటుంది కదా! మరి వాటికి జ్వరం ఎలా వస్తుంది? వస్తే మేలేనా?

జవాబు: వస్తుంది, మేలూ చేస్తుంది. జ్వరమొస్తే మనకు వణుకు పుట్టి ఒంట్లోనే వేడి పెరుగుతుంది. తొండకు ఆ వీలు లేదు, వెళ్లి వేడి తెచ్చుకోవాలి. అందుకే జబ్బు పడ్డ తొండ ఎండలో ఎక్కువసేపు ఉంటుంది, నీడకు ఆలస్యంగా చేరుతుంది. దీన్ని ప్రవర్తనా జ్వరం అంటారు.

ఇది మేలని తేల్చిన ప్రయోగం 1975లో వెలువడింది. శాస్త్రవేత్త మాథ్యూ క్లూగర్ బృందం ఎడారి ఇగ్వానాలనే బల్లి జాతి జీవులకు ఏరోమోనాస్ హైడ్రోఫిలా బ్యాక్టీరియా ఎక్కించి, 34 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ దాకా వేర్వేరు వేడిలో ఉంచింది. 34 దగ్గర అన్నీ చనిపోయాయి. వాటికి మామూలుగా ఇష్టమైన 38 దగ్గర నాలుగో వంతు, 42 దగ్గర సుమారు ముప్పాతిక వంతు బతికాయి. తర్వాత జ్వరం తగ్గించే సోడియం సాలిసిలేట్ ఇచ్చి చూస్తే, జ్వరం రానివి చనిపోయాయి, మందు వేసినా వేడెక్కినవి బతికాయి.

వేడికే సూక్ష్మజీవి మాడిపోతుందని అనుకోవద్దు. ఈ బ్యాక్టీరియా జ్వరపు వేడిలోనూ బాగానే పెరుగుతుంది. కానీ జబ్బు చేసినప్పుడు రక్తంలో ఇనుము కూడా తగ్గుతుంది. ఇనుము కరువు, వేడి రెండూ కలిస్తే దాని పెరుగుదల కుంటుపడుతుంది. వేడిలో తెల్ల రక్తకణాలూ చురుగ్గా కదులుతాయి.

కార్ప్ చేపల హెర్పిస్ వైరస్ కథ ఇంకా విచిత్రం. 24, 28, 32 డిగ్రీల గదులున్న తొట్టెలో జబ్బు చేపలు 32 వైపు వెళ్లి బతికాయి, 24లోనే ఆపేసినవి చనిపోయాయి. అయితే అవి వెంటనే వెళ్లవు. జ్వరం రప్పించే టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే సంకేతాన్ని వైరస్ తయారుచేసే ఒక ప్రొటీన్ మధ్యలోనే పట్టేస్తుంది. ఈలోగా వైరస్ పెరిగిపోతుంది. జ్వరం పనికిరానిదైతే వైరస్‌కు ఇంత ఏర్పాటు ఎందుకు?

ప్రశ్న: అయితే అక్వేరియంలో చేప నలతపడితే నీళ్లు వేడి చేయొచ్చా?

జవాబు: జబ్బేమిటో తెలియకుండా చేయకండి. నీరు వేడెక్కిన కొద్దీ కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం అవసరం పెరుగుతుంది. మొప్పలు దెబ్బతిన్న చేప ఉక్కిరిబిక్కిరవుతుంది. కాలమ్నారిస్ వంటి బ్యాక్టీరియా జబ్బులు వేడి నీటిలో ఇంకా ముదురుతాయి. పశువైద్యుడు వేడి పెంచమంటే గంటకు ఒక డిగ్రీ మించకుండా పెంచండి, గాలి పంపు ఆపకండి.

బల్లి జాతి పెంపుడు జంతువైతే గూడంతా వేడి చేయడం పెద్ద పొరపాటు. ఒక చివర వేడినిచ్చే బల్బు, రెండో చివర చల్లని నీడ, రెండు చోట్లా థర్మామీటర్లు, తాగడానికి నీళ్లు ఉంచండి. ఎంత వేడి కావాలో దానికే తెలుసు. చల్లని మూల లేకపోతే అది తప్పించుకోలేక వేడికి చనిపోవచ్చు.