పెద్ద కలవలన్నీ మగవేనా?

ప్రశ్న: తిరుపతిలో మాకు చేపలమ్మే ఆయన, మద్రాసు నుంచి వచ్చే కలవల్లో పెద్దవన్నీ మగవని, చిన్నవన్నీ ఆడవని చెబుతున్నారు. నిజమేనా? నిజమైతే, చిన్నవాటిని వదిలి పెద్దవాటినే పట్టాలన్న నియమం వల్ల మేలు జరుగుతుందా? వేసవి వేట నిషేధం వీటికి సరిపోదా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆయన మాటలో నిజం ఉంది, 'అన్నీ' అనడం మాత్రం కొంత అతి. పగడపు దిబ్బల్లో, సముద్రపు రాతినేలల్లో బతికే ఈ కలవల్లో (కోస్తాలో బొంత అంటారు) అనేక జాతులు ఆడచేపగా ఎదిగి, కొంతకాలం గుడ్లు పెట్టి, ఆ తరువాత మగచేపగా మారతాయి. అప్పుడు అండాశయ కణజాలం క్షీణించి, వీర్యాన్ని తయారుచేసే కణజాలం పెరుగుతుంది. స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్ తగ్గి పురుష హార్మోన్లు హెచ్చుతాయి. చేపపిల్లలను పుట్టించే హేచరీలలో మగచేపల కొరత తీర్చడానికి ఆడచేపలకు పురుష హార్మోను ఇచ్చి ముందే మార్చే పద్ధతి కూడా ఉంది. అయితే కొన్ని ఆడచేపలు ఎంత పెరిగినా మారవు.

మీ రెండో ప్రశ్నే అసలైనది. కనీస పొడవు నియమం చిన్న ఆడచేపలకు గుడ్లు పెట్టే అవకాశమిస్తుంది కాబట్టి అవసరమే, కానీ అదొక్కటే ఉంటే వేట భారమంతా పెద్దవాటిపై, అంటే మగవాటిపై పడుతుంది. మగవి తగ్గినప్పుడు కొన్ని జాతుల్లో మిగిలిన పెద్ద ఆడచేపలు తొందరగా మారి ఆ లోటు పూడ్చగలవు. కానీ అలా మారినవి ఎక్కువ గుడ్లు పెట్టగలిగిన ఆడచేపలే కనుక, నష్టం అటు నుంచి ఇటు మారుతుందే తప్ప పోదు. అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నారింజ చుక్కల కలవకు 38 సెంటీమీటర్ల కనీస పరిమితితో పాటు 120 సెంటీమీటర్ల గరిష్ఠ పరిమితి కూడా పెట్టారు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం గుంపులతో వస్తుంది. కొన్ని జాతులు ఏడాదిలో కొద్ది రోజులే, ఏటా ఒకే చోటికి చేరి గుడ్లు పెడతాయి. ఆ చోటు తెలిసిన పడవకు వేట అతి సులువు. కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవి దగ్గర ఎర్రకలవలు శీతకాలపు పౌర్ణమి రోజుల్లో చేరే, నీటి అడుగునున్న గట్టు అందుకు ఉదాహరణ. 1988లో అక్కడ మగచేప ఒక్కదానికి 15 ఆడచేపలు ఉండేవి. 1990 నుంచి ఆ రుతువులో వేట ఆపాక, 1997 నాటికి ఆ నిష్పత్తి ఒకటికి నాలుగుకు వచ్చింది, చేపల సగటు పొడవు కూడా దాదాపు 10 సెంటీమీటర్లు పెరిగింది. నా దృష్టిలో పొడవు కొలతల కన్నా ఇటువంటి నిషేధమే ఎక్కువ పని చేస్తుంది.

ఇక మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల విరామం సముద్రంలోని చేపలన్నింటినీ కలిపి చూసి పెట్టినది. ఒక కలవ జాతి గుమిగూడే రోజులు ఆ గడువులో పడితే దానికి రక్షణ దొరుకుతుంది, పడకపోతే దొరకదు. కాబట్టి ఏ జాతి ఎప్పుడు, ఎక్కడ చేరుతుందో తెలుసుకుని, ఆ చోట ఆ రోజులకు విడిగా వేట ఆపవలసి ఉంటుంది.