వారాంతపు బేస్‌బాల్ సిరీస్‌కి ప్రివ్యూ రాయాలంటే ముందు పిచ్చర్ల లెక్క తీయండి

మీరు అడిగింది ఇది: టెక్సాస్‌లోని కాలేజీ స్టేషన్ అనే ఊళ్లో చదువుతున్న మన తెలుగు విద్యార్థుల గ్రూపు కోసం, శుక్రవారం మొదలయ్యే కాన్ఫరెన్స్ (విశ్వవిద్యాలయ జట్ల లీగు) సిరీస్ మీద ప్రివ్యూ రాయాలి. ఆట నియమాలు తెలుసు. కానీ రెండు జట్ల ర్యాంకులు, గెలుపోటములు రాశాక ఇంకేం రాయాలో తోచడం లేదు.

ర్యాంకులతో మొదలుపెట్టడం దగ్గరే చిక్కు ఉంది. ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) వారాంతపు సిరీస్‌ను మూడు విడి ఆటలుగా చూడకండి. ఒకే పిచ్చింగ్ దళం (బంతి విసిరేవాళ్లు) మూడు రోజుల్లో, ఆటకి 9 చొప్పున, 27 ఇన్నింగ్స్ లాక్కురావాలి. ఎవరు ఎన్ని వేయగలరో లెక్క కడితే ప్రివ్యూ సగం తయారైనట్టే.

ర్యాంకు ఎంత తప్పుదోవ పట్టిస్తుందో మీ ఊరి జట్టే చూపించింది. 2025 సీజన్ మొదలవకముందు టెక్సాస్ ఏ అండ్ ఎంను దేశంలో నంబర్ 1 అన్నారు. మే నెలలో కాలేజీ స్టేషన్‌కి వచ్చే నాటికి మిస్సోరి జట్టు ఎస్‌ఈసీలో ఆడిన 24 ఆటలూ ఓడిపోయి ఉంది. ఆ వారాంతం మూడు ఆటలూ మిస్సోరియే గెలిచింది. ఆ ఏడాది కాన్ఫరెన్స్‌లో దానికి దక్కిన గెలుపులు ఆ మూడే, మొత్తం 3 గెలుపులు, 27 ఓటములు. ఏ అండ్ ఎం కాన్ఫరెన్స్‌లో 11-19 దగ్గర ఆగి, 64 జట్లుండే ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) టోర్నమెంట్‌కే అర్హత సాధించలేదు.

దీనికి రెండో వైపు కూడా చూడండి. 2023లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) తరఫున పాల్ స్కీన్స్ సిరీస్‌లో తొలి ఆట వేసేవాడు. సీజన్‌లో 209 స్ట్రయికవుట్లు, 1.69 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, ఫీల్డింగ్ తప్పులవి కాకుండా). ఆ తర్వాత మేజర్ లీగ్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) అతనే మొట్టమొదటి ఎంపిక. అంతటి పిచ్చర్ ఉన్నా ఆ ఏడాది ఎస్‌ఈసీ రెగ్యులర్ సీజన్ టైటిల్‌ను ఆర్కన్సా, ఫ్లోరిడా పంచుకున్నాయి. ఎంత గొప్ప పిచ్చరైనా వారానికి ఒక్క ఆటే వేయగలడు. మిగతా రెండు రోజులు వేరేవాళ్లు మోయాలి. ఎల్‌ఎస్‌యూ చివరికి ఒమాహాలో జరిగే కాలేజీ వరల్డ్ సిరీస్‌లో జాతీయ టైటిల్ గెలిచింది నిజమే, కానీ ఆ టోర్నమెంట్‌లో ఆటల మధ్య విరామం వేరు, లెక్క వేరు.

ఇక పని మొదలుపెడదాం. ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయండి: శుక్ర, శని, ఆది. బుధ, గురువారాల్లో రెండు విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలూ గేమ్ నోట్స్ విడుదల చేస్తాయి. అందులో స్టార్టర్ల (ఆట మొదలుపెట్టే పిచ్చర్ల) పేర్లు, వాళ్లు ఎడమచేతి వాటమా కుడిచేతి వాటమా అన్నది, గణాంకాలు ఉంటాయి. ఒక్కో స్టార్టర్ గత నాలుగు కాన్ఫరెన్స్ ఆటల బాక్స్ స్కోర్లు (ఆట గణాంకాల పట్టికలు) తెరిచి, ఎన్ని ఇన్నింగ్స్ వేశాడో, ఎన్ని పిచ్‌లు విసిరాడో రాసుకోండి. సాధారణంగా శుక్రవారం స్టార్టర్ నుంచి 6, శనివారం 5, ఆదివారం 4 ఇన్నింగ్స్ వస్తాయనుకుందాం. మొత్తం 15. మిగిలిన 12 ఇన్నింగ్స్ బుల్‌పెన్ నుంచి, అంటే స్టార్టర్ తర్వాత దిగే రిలీవర్ల నుంచి రావాలి.

ఇప్పుడు ఆ బుల్‌పెన్‌లో కోచ్ ఒక పరుగు తేడా ఉన్నప్పుడు ఎవరిని పిలుస్తున్నాడో చూడండి. చాలా జట్లలో అలాంటివాళ్లు ముగ్గురికి మించి ఉండరు. ఆ ముగ్గురూ కలిసి వారాంతంలో 6 లేదా 7 ఇన్నింగ్స్ లాగితే గొప్ప. మిగతా 5, 6 ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు? సిరీస్‌లు చేజారేది అక్కడే. శనివారం ఏడో ఇన్నింగ్స్, ఆదివారం ఐదో ఇన్నింగ్స్. మీ ప్రివ్యూలో ఎక్కువ చోటు ఈ ప్రశ్నకే ఇవ్వండి.

ఎన్‌సీఏఏ రెగ్యులర్ సీజన్‌లో పిచ్‌ల మీద కట్టుబాటు పరిమితి లేదు, నిర్ణయం కోచ్‌దే. అయినా అంచనా వేయొచ్చు. రిలీవర్ శుక్రవారం 15 పిచ్‌లలోపు వేస్తే శనివారం మళ్లీ వస్తాడు. 30 దాటితే శనివారం అతన్ని మర్చిపోండి, ఆదివారానికి కొద్దిగా అందుబాటులో ఉండొచ్చు. 45 దాటితే ఆ వారాంతానికి అంతే. మంగళ, బుధవారాల ఆటను కూడా ఇందుకే చూడాలి. ఆ ఆట ఎవరు గెలిచారన్నది దాదాపు అనవసరం, స్టార్టర్ నాలుగో పిచ్చరో, కొత్త కుర్రాడో అయి ఉంటాడు. బుధవారం రాత్రి ఆ ముగ్గురు నమ్మకస్తుల్లో ఎవరైనా 25 పిచ్‌లు విసిరారా అన్నది మాత్రం ముఖ్యం.

ఆదివారం స్టార్టర్ పేరు చోట ‘ప్రకటించాల్సి ఉంది’ అని ఉంటే కంగారుపడి ఒక పేరు ఊహించి రాయకండి. చాలాసార్లు కోచ్ ఆ పిచ్చర్‌ను శుక్ర, శనివారాల్లో అవసరమైతే వాడుకోడానికి ఖాళీగా ఉంచుతాడు. మూడో స్టార్టర్ స్థిరంగా లేని జట్టు అన్న సంకేతం కూడా అందులో ఉంటుంది. ఆ మాటే నేరుగా రాయండి.

పిచ్చర్ మంచివాడా కాదా అని తేల్చడానికి ఈఆర్ఏ ఒక్కటీ సరిపోదు. ఏప్రిల్ మధ్యకి స్టార్టర్ కాన్ఫరెన్స్‌లో 25 ఇన్నింగ్స్ వేసి ఉంటాడు. 8 పరుగులు ఇస్తే ఈఆర్ఏ 2.88. ఒకే ఒక్క చెడ్డ ఇన్నింగ్స్‌లో ఇంకో 6 ఇచ్చాడనుకోండి, 5.04 అయిపోతుంది. అందుకే ఎదుర్కొన్న బ్యాటర్లలో ఎంత శాతం మందిని స్ట్రయికవుట్ చేశాడు, ఎంత శాతానికి వాక్ ఇచ్చాడు, ఈ రెండింటి తేడా చూడండి. 110 మంది బ్యాటర్లకు 32 స్ట్రయికవుట్లు, 8 వాక్‌లు అంటే 29 లోంచి 7 తీసేస్తే 22. చాలా బాగా వేస్తున్నట్టు. 15 పైన ఉంటే నమ్మొచ్చు. 10 లోపు ఉండి ఈఆర్ఏ మాత్రం 2.50 కనిపిస్తే, ఫీల్డర్లూ అదృష్టమూ మోస్తున్నారని అర్థం. ఇంకొకటి, ఫీల్డింగ్ తప్పుల వల్ల వచ్చిన పరుగులు ఈఆర్ఏలో చేరవు. ఫీల్డింగ్ బలహీనంగా ఉన్న జట్టుకి పిచ్చర్ ఇచ్చిన మొత్తం పరుగులు కూడా చూసుకోవాలి.

ఏ అంకె తీసుకున్నా కాన్ఫరెన్స్ ఆటలవి వేరుగా తీయండి. ఫిబ్రవరి మధ్యలో సీజన్ మొదలవుతుంది, తొలి నాలుగు వారాలు చాలా జట్లు బలహీనమైన ప్రత్యర్థుల్ని సొంత మైదానానికి పిలిచి ఆడతాయి. అప్పటి 15-2 గెలుపులు బ్యాటింగ్ సగటును ఉబ్బిస్తాయి. అలాగని కాన్ఫరెన్స్ సగటును పట్టుకుని వేలాడనూ కూడదు. 60 సార్లు బ్యాటింగ్ చేసినవాడికి 18 హిట్లుంటే .300, 15 ఉంటే .250. తేడా మూడంటే మూడు హిట్లు. సగటు కంటే ఎన్నిసార్లు బేస్ చేరాడు, ఎన్ని వాక్‌లు తెచ్చుకున్నాడు, ఎన్నిసార్లు స్ట్రయికవుట్ అయ్యాడు అన్నవి నిలకడగా ఉంటాయి.

గత ఏడాది ఇదే రెండు జట్ల మధ్య ఏం జరిగిందన్నది ఒక వాక్యంలో ముగించండి. కాలేజీలో మూడో ఏడాది పూర్తయిన ఆటగాళ్లు డ్రాఫ్ట్‌కి అర్హులవుతారు, బదిలీలు జోరుగా సాగుతాయి. పోయిన ఏడాది మైదానంలో ఉన్నవాళ్లలో సగం మంది ఇప్పుడు ఆ యూనిఫాంలోనే ఉండకపోవచ్చు.

ఎవరిది ఎడమచేతి వాటం, ఎవరిది కుడిచేతి వాటం అన్న సంగతి తప్పక రాయండి. ప్రత్యర్థి శుక్రవారం స్టార్టర్ ఎడమచేతి వాటం అయి, మీ జట్టు మొదటి ఐదుగురు బ్యాటర్లలో నలుగురు ఎడమచేతి వాటం అయితే ఆ రోజు పరుగులు కష్టమే. కోచ్ బెంచ్ మీద ఉన్న కుడిచేతి బ్యాటర్లలో ఎవరిని దింపుతాడో గత ఎడమచేతి స్టార్టర్ల ఆటల లైనప్‌లు చూస్తే తెలిసిపోతుంది. బేస్ దొంగిలించే జట్టయితే క్యాచర్‌ని చూడాలి. బంతి తన చేతికందిన క్షణం నుంచి రెండో బేస్ చేరేదాకా 2 సెకన్లు పడితే మంచి క్యాచర్. పిచ్చర్ కదలిక మొదలుపెట్టి బంతిని క్యాచర్‌కి చేర్చడానికి 1.3 సెకన్లు. మొత్తం 3.3. పిచ్చర్ 1.5 తీసుకుంటే క్యాచర్ ఎంత మెరుగైనా పరుగెత్తేవాడిదే పైచేయి. ఆదివారం అలసిన క్యాచర్ స్థానంలో రెండో క్యాచర్ వచ్చే జట్లున్నాయి, అదీ కనిపెట్టండి.

వాతావరణం గురించి ‘వర్షం పడొచ్చు’ అని రాసి వదిలేయొద్దు. మార్చి నుంచి మే దాకా అమెరికా దక్షిణాదిలో ఉరుములతో కూడిన గాలివానలు మామూలే. మెరుపు కనిపిస్తే ఆట ఆపి, చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో ఇంకోటి మెరిస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. స్టార్టర్ 40 పిచ్‌లు వేశాక ఆట రెండు గంటలు ఆగితే అతను తిరిగి రాడు. శుక్రవారం రాత్రే ఐదారు ఇన్నింగ్స్ బుల్‌పెన్ మీద పడి, మీరు గీసిన మూడు గడులూ తారుమారవుతాయి. లోతైన బుల్‌పెన్ ఉన్న జట్టుకి వాన కలిసొస్తుంది, ఒక్క స్టార్టర్‌ని నమ్ముకున్న జట్టుకి దెబ్బ. ముందే వాన సూచన ఉంటే ఒకే రోజు రెండు ఆటలు పెడతారు. అలాంటప్పుడు ఒక ఆటను 7 ఇన్నింగ్స్‌కి కుదించే లీగులూ ఉన్నాయి, కాబట్టి ప్రకటన పూర్తిగా చదవండి. గాలి దిశ కూడా అంతే ముఖ్యం. ఉపగ్రహ పటంలో హోమ్ ప్లేట్ నుంచి సెంటర్ ఫీల్డ్ ఏ దిక్కుకుందో చూసి, గంటల వారీ గాలి సూచనతో పోల్చండి. గాలి బయటికి వీస్తుంటే బంతి ఎక్కువగా గాల్లోకి లేపించే పిచ్చర్‌కి ఇబ్బంది.

10 పరుగుల నియమం కూడా లెక్కలోకి వస్తుంది. ఏడు ఇన్నింగ్స్ తర్వాత 10 పరుగుల తేడా ఉంటే ఎస్‌ఈసీ ఆట ముగుస్తుంది. శుక్రవారం 13-2తో ఓడిన జట్టు కుంగిపోయిందని రాసేస్తారు చాలామంది. నిజానికి ఆ జట్టు మంచి రిలీవర్లను ఎవరినీ వాడకుండా, రెండు ఇన్నింగ్స్ మిగుల్చుకుని శనివారానికి తాజాగా వస్తుంది. 5-4తో గెలిచిన జట్టు తన ఉత్తముల్ని ఖర్చు చేసుకుని ఉండొచ్చు.

జోస్యం చెప్పేటప్పుడు ‘గెలుస్తాం’ అనే బదులు ఒక్కో రోజుకి ఒక అంచనా వేయండి. ఉదాహరణకి మీ జట్టుకి శుక్రవారం 65 శాతం, శనివారం 55, ఆదివారం 45 అవకాశం ఉందనుకోండి. కనీసం రెండు గెలిచే అవకాశం గుణించి కూడితే దాదాపు 58 శాతం. మూడూ గెలిచేది 16 శాతం, మూడూ ఓడేది దాదాపు 9. ప్రతి ఆటలోనూ గెలిచే అవకాశం 60 శాతం ఉన్న జట్టు కూడా సిరీస్ గెలిచేది 65 శాతమే, స్వీప్ (మూడూ గెలవడం) 22 శాతం లోపే. అందుకే స్వీప్ జోస్యాలు అంత తరచుగా తప్పుతాయి.

ఈ సిరీస్ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఆర్‌పీఐ (గెలుపులు, ప్రత్యర్థుల బలం కలిపి జట్లను పోల్చే సూచిక) ఉపయోగపడుతుంది. 2013లో వచ్చిన పద్ధతిలో బయటి మైదానంలో గెలుపు విలువ 1.3, సొంత మైదానంలో గెలుపు 0.7. ఓటమికి తిరగబడుతుంది: సొంతగడ్డ మీద ఓటమి 1.3, బయట 0.7. అంటే వచ్చిన జట్టు మూడింట రెండు గెలిస్తే 2.6 గెలుపులు, 0.7 ఓటమి. ఆతిథ్య జట్టు మూడూ గెలిచినా 2.1 గెలుపులే. రీజనల్స్‌కి (ఎన్‌సీఏఏ టోర్నమెంట్ తొలి దశకి) ఆతిథ్యమిచ్చే 16 జట్లలో చోటు కోసం పోటీపడే జట్టుకి ఈ లెక్క చాలా పెద్దది.

ఇండియాలో ఉన్న ఇంటివాళ్లు కూడా మీ గ్రూపులో ఉంటే సమయాలు మార్చి ఇవ్వండి. మార్చి రెండో ఆదివారం తర్వాత టెక్సాస్‌కీ మనకీ తేడా పదిన్నర గంటలు. అక్కడ శుక్రవారం సాయంత్రం 6 అంటే ఇక్కడ శనివారం తెల్లవారుజామున 4:30. ఆదివారం మధ్యాహ్నం 1 అంటే అదే రోజు రాత్రి 11:30. ఈస్టర్ వారంలోనూ రెగ్యులర్ సీజన్ చివరి వారంలోనూ సిరీస్ గురువారమే మొదలవుతుంటుంది. అప్పుడు మొదటి స్టార్టర్‌కి ఒక రోజు విశ్రాంతి తగ్గుతుంది, ఆ సంగతి ప్రివ్యూలో మొదటి పేరాలోనే ఉండాలి.

గురువారం రాత్రి ప్రివ్యూ పెట్టేసి వదిలేయకండి. శుక్రవారం ఆట ముగిశాక బాక్స్ స్కోర్‌లో ఒక్కో రిలీవర్ ఎన్ని పిచ్‌లు వేశాడో చూసి, శని, ఆదివారాల గడులు దిద్ది, మారిన శాతాలతో నాలుగు వాక్యాలు మళ్లీ పెట్టండి.