విండోసా, లినక్సా అన్నది తర్వాత చూద్దాం

కంప్యూటర్ తెలిసినవాళ్లందరూ విండోస్ బదులు లినక్సే (ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడతారట, వైరస్ రాదట, మా ఆఫీసు కూడా మార్చేయమంటారా అని మీరు అడిగారు. చీమకుర్తి, ఒంగోలు గ్రానైట్ ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఇంట్లో నేను వాడేది డెబియన్ అనే లినక్స్ రకం. అయినా మీ ఆఫీసును ఒక్కసారిగా మార్చమని చెప్పను. మీ లెక్కలు ట్యాలీలో ఉంటే దానికి విండోస్ కావాలి. లోడు లారీ గేటు దగ్గర ఆగి ఉండగా ఈ-వే బిల్లు తీయాల్సిన గుమాస్తాకు కొత్త తెర అలవాటు చేసే సమయం అది కాదు.

లినక్స్‌కు ఏమీ కాదన్నది కూడా నిజం కాదు. 2024 మార్చిలో, లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి తెలిసింది. లినక్స్‌లో నాకు నచ్చేది అది నేర్పే పద్ధతి: రోజువారీ పని మామూలు ఖాతాలో చేస్తాం, సాఫ్ట్‌వేర్ నమ్మకమైన ఒకే చోటి నుంచి తెచ్చుకుంటాం, అప్‌డేట్లు ఆపం.

ఇదంతా విండోస్‌లోనూ కుదురుతుంది. విండోస్‌లో మొదట తయారయ్యే ఖాతాకు అడ్మిన్ అధికారం, అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చగలిగే అధికారం ఉంటుంది. చాలా ఆఫీసుల్లో అందరూ అందులోనే పనిచేస్తారు. గుమాస్తాకు మామూలు ఖాతా ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. దొంగ విండోస్ మాత్రం వద్దు. దాన్ని నడిపించే యాక్టివేటర్ ముందుగా యాంటీవైరస్ ఆపమంటుంది. ఎవరో తెలియని మనిషి తాళం తీసి పెట్టమంటే తీస్తామా? అప్‌డేట్ల సంగతికొస్తే, 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది.

అయితే ఫైళ్లకు తాళం వేసే వైరస్‌కు అడ్మిన్ అధికారం అక్కర్లేదు, గుమాస్తా తెరవగలిగే ఫైళ్లన్నిటికీ అది తాళం వేయగలదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఇన్‌వాయిస్ పేరుతో వచ్చిన మెయిల్ తెరిచారు. బ్యాకప్ డిస్కు ఉంది, కానీ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచేవారు. బిల్లులతో పాటు అదీ పోయింది. అందుకే రెండు డిస్కులు కొనండి. బ్యాకప్ కాగానే తీసేయండి, ఒకటి ఇంట్లో ఉంచండి. అప్పుడప్పుడు అందులోంచి ఒక పాత బిల్లు తెరిచి చూడండి.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లలో బ్రౌజర్, మెయిల్ మాత్రమే వాడేవి ఉంటే వాటిలో ఉబుంటు అనే లినక్స్ పెట్టండి. మొదట వాటినే మార్చండి, ట్యాలీ ఉన్నదాన్ని కదపకండి.