ఎడారి విస్తరిస్తుంటే ఊళ్లను ఎలా ప్లాన్ చేయాలి? చుట్టూ చెట్లు నాటితే సరిపోతుందా?

సరిపోదు. వానలు తక్కువ పడే ప్రాంతాల్లో లేఅవుట్లు, సర్వే పనులు చేసిన అనుభవంతో చెబుతున్నాను. ఊరి లోపలి ప్లాన్ కంటే ముందు ఊరి బయట ఉన్న నేల సంగతి చూడాలి.

ఎడారి అంటే ఇసుక దిబ్బలు నడిచొచ్చి ఊరిని కప్పేయడమే అనుకుంటాం. అలా జరిగే చోట్లు ఉన్నాయి కానీ తక్కువ. ఎక్కువ చోట్ల ఊరి చుట్టూ నేల మచ్చలు మచ్చలుగా చచ్చిపోతుంది. వంటచెరకు కోసం పొదలు నరికేస్తారు, మిగిలిన గడ్డి పశువులు మేసేస్తాయి, బోర్లు ఏటా ఇంకాస్త లోతుకు దిగుతాయి, పై మట్టి గాలికి లేచిపోతుంది. ఎడారీకరణపై 1994లో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా వాతావరణ మార్పులతో పాటు మనుషుల పనులనూ కారణంగా చూపిస్తుంది. ఊరు పెరిగేకొద్దీ ఈ మచ్చలూ పెరుగుతాయి.

ఇసుక నిజంగానే వచ్చే చోట గోడ కట్టేస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసిన ఒక కాలనీలో గాలి వచ్చే వైపు నిండుగా గోడ కట్టారు. గోడకు తగిలి గాలి వేగం తగ్గగానే ఇసుక అక్కడే రాలింది. కొన్నాళ్లకు గోడ ఎత్తు దాకా వాలుగా పేరుకుంది. ఇక ఆ వాలు మీదుగానే ఎక్కి అవతలి వీధిలోకి దిగింది. డ్రెయిన్లు పూడిపోయాయి, గేట్లు తెరవాలంటే ముందు పార పట్టుకోవాల్సి వచ్చేది. దాదాపు సగం సందులుండే కంచె అయితే గాలి నెమ్మదించి దాటిపోతుంది, ఇసుక దాని వెనక పరుచుకుంటుంది. ఎగిరే ఇసుకలో ఎక్కువ భాగం నేలకు అర మీటరు లోపే గెంతుతూ పోతుంది కాబట్టి కంచె అడుగు భాగమే ముఖ్యం. అది ఇళ్లకు బాగా దూరంగా ఉండాలి. చైనాలో షాపోటౌ దగ్గర రైల్వే లైన్‌ను కాపాడటానికి 1950లలో ఇసుకలో గడ్డిని మీటరు గళ్లుగా గుచ్చారు, ఆ గళ్లలో పొదలు పెంచారు. ఆ లైన్ మీద ఇప్పటికీ రైళ్లు తిరుగుతున్నాయి.

చెట్ల విషయానికొస్తే, నీళ్లు ఎక్కువ తాగే మొక్కలు వరుసలుగా నాటితే ఉన్న భూగర్భజలం కూడా తగ్గుతుంది. పశ్చిమాఫ్రికా దేశమైన నైజర్‌లో రైతులు కొత్త మొక్కల కోసం చూడకుండా, పొలాల్లో పాత మొద్దుల నుంచి వచ్చే చిగుళ్లనే కాపాడుకున్నారు. 1980ల నుంచి ఇప్పటిదాకా దాదాపు 50 లక్షల హెక్టార్లలో పచ్చదనం తిరిగొచ్చింది. నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది ఇదే.

మనుషుల లెక్క ఇంకా కష్టం. మారిటేనియా రాజధాని నౌక్‌చోట్‌ను 1950ల చివర్లో 15,000 మంది కోసం ప్లాన్ చేశారు. 1970ల కరవులో పశువులు పోయిన సంచార కుటుంబాలు అక్కడికే చేరాయి. ఇప్పుడు జనాభా 10 లక్షలు దాటింది. నీళ్లు, దారులు లేకుండా ఇసుక మీదే బస్తీలు లేచాయి. కాబట్టి ఎండిన పల్లెల నుంచి వచ్చేవాళ్ల కోసం ముందే స్థలం గుర్తించి, పైపులైనూ దారీ వేసి ఉంచాలి. వాళ్లు గుడిసెలు వేసుకున్నాక పైపు వేయాలంటే ఎవరిదో ఇల్లు కూల్చాల్సి వస్తుంది. ఆ బాధ చూడలేం.

మీ ఊరి మాస్టర్ ప్లాన్ చేతికొస్తే రంగులు వేసిన జోన్ల మ్యాప్ తర్వాత చూడండి. ఏటా భూమిలోకి ఇంకే నీరెంత, తోడేదెంత అన్న లెక్క అందులో ఉందా అని ముందు అడగండి.