ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచుతున్న తండ్రి పేరు మీద ఏం ఉండాలి?

ప్రశ్న: మాది విజయవాడ, కానూరు. నా వయసు 36. ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ హోల్‌సేల్ షాపులో ఎనిమిదేళ్లు అకౌంటెంట్‌గా చేశాను. చేతికి 34 వేలు వచ్చేవి. బాబు పుట్టి మా ఆవిడ ప్రసూతి సెలవు అయిపోయేసరికి అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. పిల్లల్ని చూసే మనిషి లేక నేనే ఉద్యోగం మానేశాను. ఏడాది దాటింది. పాప యూకేజీ, బాబుకు 20 నెలలు. మా ఆవిడ ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసర్, చేతికి 98 వేలు వస్తాయి. ఫ్లాట్ ఈఎంఐ 26 వేలు, ఇంటి ఖర్చు 30 వేలు, స్కూలు ఫీజు, ఆటో కలిపి నెలకు 7 వేలు, 5 లక్షల చీటీకి 10 వేలు, మా అమ్మానాన్నలకు 5 వేలు. మిగతాది ఎటు పోతోందో తెలియదు. బ్యాంకులో 1.2 లక్షల ఎఫ్‌డీ ఉంది. నా పీఎఫ్‌లో 4.6 లక్షలు ఉన్నాయి. అది తీసి ఆప్షన్స్ ట్రేడింగ్ చేస్తే నెలకు 15 వేలు వస్తాయని స్నేహితుడు అంటున్నాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పమని మా బాబాయి అంటున్నారు. సంపాదన లేనివాడికి ఇన్సూరెన్స్ ఎందుకని 2019లో తీసుకున్న 50 లక్షల టర్మ్ పాలసీ కూడా ఆపేద్దామనుకుంటున్నాను. ఏడాదికి 9 వేలు కడుతున్నాను. మీ సలహా కావాలి. (ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం.)

జవాబు: ముందు ఆ టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా, ఆపకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు, దీనికి మాత్రం గడువు ఉంది. ప్రీమియం తేదీ దాటాక సాధారణంగా 30 రోజులు వెసులుబాటు ఇస్తారు. అదీ దాటితే పాలసీ రద్దవుతుంది. ఉద్యోగం ఉన్న రోజుల్లో మీకు సులువుగా దొరికిన పాలసీ ఇది. ఇప్పుడు కొత్తగా అడిగితే దాదాపు ప్రతి కంపెనీ ఆదాయం రుజువు చూపించమంటుంది. భర్త సంపాదనను బట్టి గృహిణికి పాలసీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి కానీ, భార్య సంపాదన చూపి భర్తకు తీసుకోవడం అంత తేలిక కాదు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీ తీసేశారు. మీరు కట్టే మొత్తం అంతకుముందు కంటే తగ్గే ఉంటుంది.

'సంపాదన లేనివాడికి ఎందుకు' అన్న మాట మీ ఉత్తరంలో రెండు చోట్ల వచ్చింది. అందుకే దీన్ని లెక్కలోనే చూద్దాం. ఉద్యోగం మానే ముందు మీరు వాకబు చేసిన రేట్లు కూడా రాశారు: బాబుకు డే కేర్ 8 వేలు, వంటమనిషికి 6 వేలు, పాపను స్కూలు నుంచి తెచ్చి సాయంత్రం దాకా చూసుకునే ఆమెకు 5 వేలు. మొత్తం 19 వేలు. మీ 34 వేలలోంచి అది తీసేస్తే 15 వేలు. అందులో పెట్రోలు, బయటి టీ టిఫిన్లు పోవాలి. పిల్లలకు జ్వరం వచ్చిన రోజు డే కేర్ వాళ్లు తీసుకోరు, ఆ రోజు ఎవరో ఒకరు సెలవు పెట్టాలి. మార్చి, సెప్టెంబర్ క్లోజింగ్‌లప్పుడు మీ శ్రీమతి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చినా అన్నం పెట్టి పడుకోబెట్టడానికి మనిషి ఉన్నారు. మీరు మానేయడం వల్ల ఇంటికి పోయింది నెలకు పది పన్నెండు వేలు, 34 వేలు కాదు.

రేపు మీకేమైనా అయితే ఆ 19 వేల మనుషులను నెలనెలా పెట్టుకోవాల్సింది మీ శ్రీమతే. బాబు కాస్త పెద్దయ్యేదాకా, అంటే ఓ పదేళ్లయినా. ఆ 50 లక్షలు అందుకే. న్యాయస్థానాలు కూడా ఇలాగే చూస్తాయి. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే ఆమె చేసే ఇంటిపనికి ఆదాయం లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని 2021 జనవరిలో సుప్రీంకోర్టు కీర్తి కేసులో మరోసారి గట్టిగా చెప్పింది. ఆ తీర్పులో విడిగా అభిప్రాయం రాసిన జస్టిస్ ఎన్.వి. రమణ మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం వారే. ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 నాటి జాతీయ సర్వే లెక్కను ఆయన అందులో ఉదహరించారు. ఆ తీర్పు ఆడవాళ్ల గురించే. అయినా ఆ 299 నిమిషాల వైపు నిలబడి పనిచేస్తున్న మగవాళ్లలో మీరు ఒకరు. పని విలువ చేసే మనిషిని బట్టి మారదు.

ఇక ట్రేడింగ్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అంటే షేర్ల ధరలు ఎటు కదులుతాయో ఊహించి కొనీ అమ్మే ఒప్పందాలు. 2024 సెప్టెంబర్‌లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మందికి నష్టమే. సగటున ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షలు పోయాయి. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల పైమాట. మీ స్నేహితుడు మిగిలిన ఏడు శాతంలో ఉన్నాడో లేదో ఆయన మాటను బట్టి తెలియదు, మూడేళ్ల లాభనష్టాల స్టేట్‌మెంట్ చూపిస్తే తెలుస్తుంది.

అంకెలు పక్కన పెట్టి, మీరు రాసిన మీ రోజునే చూడండి. మార్కెట్ 9.15కి మొదలవుతుంది. పాపను ఆటో ఎక్కించి వచ్చి మీరు బాబుకు రెండో విడత ఇడ్లీ తినిపించే వేళ అది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని గిన్నె లాక్కుని బోర్లించి, చట్నీ చేత్తో టీవీ స్టాండ్ దగ్గరికి పరుగెడతాడని రాశారు. వాడు నిద్రపోయేది 11 నుంచి పన్నెండున్నర వరకు, అదీ కుక్కర్ కూత రాకపోతే. మూడింటికి స్కూలు గేటు దగ్గర ఉండాలి. మార్కెట్ మూసేది 3.30కి. ఆప్షన్స్‌లో డబ్బు పెట్టినవాడి చూపు ఫోన్ మీద నుంచి కదలదు. 20 నెలల పిల్లాడున్న ఇంట్లో ఆ చూపు వాడి మీద ఉండాలి. ఈ ఒక్క కారణం చాలు, నేను వద్దనడానికి.

వడ్డీకి తిప్పడం గురించి రెండు ముక్కలు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బంగారం తాకట్టు పెట్టి బ్యాంకులో అంతకంటే చాలా తక్కువకు అప్పు దొరికే రోజుల్లో 24 శాతానికి ఒప్పుకుంటున్న మనిషికి ఎక్కడా అప్పు పుట్టడం లేదని అర్థం. ప్రోనోటు చేతిలో ఉన్నా, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు బాకీలో కొంత జమ కట్టించుకుని రాతపూర్వకంగా నమోదు చేసుకోవాలి, లేదా కోర్టుకు వెళ్లాలి. చుట్టాల మధ్య ఈ రెండూ జరగవు. బాబాయి గారికి మర్యాదగా వద్దని చెప్పండి.

పీఎఫ్ అక్కడే ఉండనివ్వండి. ఉద్యోగం మానేస్తే వడ్డీ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. 2016లో మార్చిన నిబంధన ప్రకారం, మీరు డబ్బు తీసుకోకుండా ఉంటే 58 ఏళ్లు వచ్చేదాకా వడ్డీ జమ అవుతుంది. 2024-25కి ఆ రేటు 8.25 శాతం. ఇదే రేటు ఉంటుందనుకుంటే మీ 4.6 లక్షలు 22 ఏళ్లలో సుమారు 26 లక్షలు అవుతాయి. రేటు తగ్గితే ఆ మేరకు తగ్గుతుంది. ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీకి పన్ను వర్తిస్తుంది కానీ, మీకు వేరే ఆదాయం లేదు కాబట్టి కట్టాల్సింది ఏమీ ఉండదు.

ఇందులో పెన్షన్ భాగం వేరే ఉంది, దాని గురించి మీరు అడగలేదు. మీ సర్వీసు ఎనిమిదేళ్లు. పెన్షన్ అర్హతకు పదేళ్లు కావాలి. పదేళ్లు నిండలేదు కదా అని ఆ డబ్బు తీసేసుకుంటే ఎనిమిదేళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి. దానికి బదులు, ఆ డబ్బు తీసుకోవడానికి వాడే 10సీ ఫారంలోనే స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. తర్వాత ఎప్పుడు ఉద్యోగంలో చేరినా ఈ ఎనిమిదేళ్లు కలుస్తాయి, ఇంకో రెండేళ్లు చేస్తే 58 తర్వాత నెలనెలా పెన్షన్ వస్తుంది. అలాగే మీ యూఏఎన్‌కు (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే నంబరు) ఆధార్, పాన్ జత అయ్యాయో లేదో, ఈ-నామినేషన్‌లో భార్యాపిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

అసలు నన్ను ఆలోచనలో పడేసింది కొత్తిమీర సంగతి. రైతుబజార్‌లో పది రూపాయల కట్ట కొని మీ శ్రీమతి ఖాతా నుంచి ఫోన్‌లో కడితే, ఆ మెసేజ్ బ్యాంకులో పనిలో ఉన్న ఆమె ఫోన్‌కు వెళ్తుందనీ, ఆమె ఒక్కసారి కూడా అడగకపోయినా మీకు చిన్నతనంగా ఉంటుందనీ రాశారు. ఇది మీ మనసులో లోపం కాదు, ఖాతాలు పెట్టుకున్న తీరులో ఉన్న లోపం. ఇద్దరి పేరు మీద ఒక జాయింట్ ఖాతా తెరవండి, ఇద్దరిలో ఎవరైనా వాడుకోగలిగే 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో. ఒకటో తారీఖున జీతం పడగానే ఇంటి ఖర్చు 30 వేలూ, స్కూలు 7 వేలూ అందులోకి వెళ్లిపోవాలి. అలర్ట్‌లు మీ ఫోన్‌కు రావాలి. దీనికి తోడు మీ ఒక్కరి ఖాతాలో నెలకు 3 వేలు వేయించుకోండి. క్షవరం, స్నేహితులతో టీ, అమ్మకు చీర, ఏదైనా కావచ్చు. లెక్క చెప్పనక్కర్లేదు, అడగనక్కర్లేదు. ఇలా తీసుకోవడానికి మొహమాటపడకండి.

మీరు ఎటు పోతోందో తెలియదన్న 20 వేలలో ఇది మొదటి 3 వేలు. ఇంకో 5 వేలు మీ పేరున పీపీఎఫ్‌కు, అంటే ప్రభుత్వ దీర్ఘకాలిక పొదుపు పథకానికి. పీపీఎఫ్ తెరవడానికి సొంత సంపాదన ఉండాలన్న నియమం లేదు. ప్రస్తుతం వడ్డీ 7.1 శాతం. నెలకు 5 వేల చొప్పున 15 ఏళ్లు కడితే 15 నుంచి 16 లక్షలు చేతికొస్తాయి. ప్రతి నెలా 5వ తేదీలోపు వేయండి, ఆ తర్వాత వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు. భార్య ఇచ్చిన డబ్బుతో మీ పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీని ఆమె ఆదాయంలో కలిపి పన్ను లెక్కిస్తారు. పీపీఎఫ్ వడ్డీకి పన్నే లేదు కాబట్టి ఆ గొడవ ఉండదు.

రెండున్నర వేలు ప్రీమియంలకు పక్కన పెట్టండి. ఇందులో మీ పాలసీతో పాటు మీ శ్రీమతి పేరున కొత్త టర్మ్ పాలసీ కూడా ఉండాలి. మీ ఉత్తరంలో ఇది ఎక్కడా లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాను. నలుగురు ఆమె జీతం మీద నిలబడి ఉన్నారు, బ్యాంకు ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగం ఉన్నంతకాలమే. కనీసం కోటిన్నరకు తీసుకోవాలి. పాపకు సుకన్య సమృద్ధి ఖాతాలో రెండున్నర వేలు వేయండి. 8.2 శాతం వస్తోంది, పదేళ్లు నిండకముందే తెరవాలి. మిగిలిన 7 వేలు అత్యవసర నిధికి. ఇప్పుడున్న 1.2 లక్షల ఎఫ్‌డీ రెండు నెలలకు కూడా సరిపోదు.

చీటీకి ఇంకా 14 నెలలు ఉన్నాయన్నారు, పాడుకోలేదన్నారు. అవసరం లేనప్పుడు పాడుకోవద్దు, చివరిదాకా ఉంచండి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటీయేనా అన్నది మాత్రం ఈ వారమే కనుక్కోండి. అది చేతికొచ్చాక అందులోంచి నాలుగు లక్షలు ఎవరూ ముట్టుకోని నిధిగా ఉండాలి. నెలనెలా మిగిలే ఆ 10 వేలను అప్పుడు ఒక ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్) సిప్‌గా, అంటే నెలనెలా పెట్టే పెట్టుబడిగా, మార్చుకోవచ్చు.

సంపాదన మళ్లీ ఎప్పుడు అంటారా? బాబు ప్లే స్కూలుకు వెళ్లేదాకా తొందర లేదు. మీకు టాలీ వచ్చు, జీఎస్‌టీ రిటర్నులు వచ్చు, ఆటోనగర్‌లో చిన్న షాపుల వాళ్లు తెలుసు. నెలవారీ రిటర్నులకు 11వ తేదీ, 20వ తేదీ గడువులు. రెండు మూడు షాపుల లెక్కలు పిల్లలు పడుకున్నాక చేసుకోగలిగినవే. ఒక్క షాపుతో మొదలుపెట్టండి. అలవాటు తప్పకుండా ఉంటుంది, చేసిన పనికి రుజువు ఉంటుంది, తిరిగి ఉద్యోగం వెతుక్కునే రోజున మధ్యలో ఏం చేశారని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఉంటుంది. మీ శ్రీమతికి ట్రాన్స్‌ఫర్ వచ్చినా ఈ పని మీ వెంటే వస్తుంది.

స్కూలు వాళ్లు ఫీజు మెసేజ్‌లూ, పాపకు ఒంట్లో బాగాలేదన్న ఫోన్లూ ఇప్పటికీ మీ శ్రీమతికే చేస్తున్నారని, ఆమె కౌంటర్ వదిలి బయటకు వచ్చి మీకు చెప్పాల్సి వస్తోందని రాశారు. ఓసారి ఫీజు గడువు దాటి ఫైన్ కూడా పడిందన్నారు. సోమవారం మూడింటికి పాప కోసం వెళ్లినప్పుడు ఆఫీసు గదిలోకి వెళ్లి, మొదటి నంబరుగా మీది రాయించండి.